తాకట్టు లేని అప్పులో తాకట్టు

2021 జనవరి, ఫిబ్రవరి నెలల్లో మన ఆండ్రాయిడ్ ఫోన్లకు అందుబాటులో ఉన్న అప్పుల యాప్‌లు ఎన్నన్నది రిజర్వు బ్యాంకు నియమించిన బృందం ఒకటి లెక్క తీసింది. 80కి పైగా యాప్ స్టోర్లలో సుమారు 1,100 తేలాయి. అందులో 600 చట్టవిరుద్ధమైనవి. అంతకు కొద్ది వారాల ముందే, 2020 డిసెంబరులో, ఇలాంటి యాప్‌ల వసూలు వేధింపులకు తెలంగాణలో కొందరు ప్రాణాలు తీసుకున్నారు. పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేసి అరెస్టులు చేశారు.

యాప్ బొమ్మ బాగుందనో, రేటింగ్ నాలుగు నక్షత్రాలు దాటిందనో, లక్షల మంది దించుకున్నారనో నమ్మడానికి లేదు. తెర మీద కనిపించేదంతా యాప్ చేసినవాడి చేతిలో ఉంటుంది. రేటింగులు కొనుక్కోవచ్చు. రిజర్వు బ్యాంకు ముద్రనూ అతికించుకోవచ్చు. వాడు మార్చలేని ఆనవాళ్లేమిటో చూడాలి. వాటిలో మొదటిది, ఆ యాప్ మన ఫోన్‌ని ఏమడుగుతోందన్నది.

ఆండ్రాయిడ్‌లో ఒక యాప్ సమాచారంలోకి మరో యాప్ తొంగిచూడలేదు. దేని గది దానిదే, మధ్యలో గోడ. కాంటాక్టులు, ఎస్సెమ్మెస్‌లు, ఫొటోలు కావాలంటే మనల్ని అడిగి తీరాలి. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి ఈ అనుమతులను ఒక్కొక్కటిగా, అవసరం పడినప్పుడే అడుగుతున్నారు. చిక్కేమిటంటే, కాంటాక్టుల దగ్గర 'అలో' నొక్కితే ఒక్క నంబరుతో పోదు. మేనమామ, ఆఫీసులో మేనేజరు, పిల్లల స్కూలు టీచరు, పాలబ్బాయి, అందరి నంబర్లూ క్షణాల్లో ఎక్కడో ఉన్న సర్వర్‌కి చేరిపోతాయి.

అప్పిచ్చేవాడికి పాలబ్బాయి నంబరుతో పనేమిటి? బంగారం పెట్టక్కర్లేదు, హామీదారు అక్కర్లేదు, ఐదు నిమిషాల్లో డబ్బు అన్నప్పుడు తాకట్టు లేదనుకుంటాం. ఉంది. అది ఆ నంబర్ల జాబితా, అంటే మన పరువు. వాయిదా తప్పితే వాళ్లందరికీ ఫోన్లు వెళతాయి, మార్ఫింగ్ చేసిన ఫొటోలు వెళతాయి. వ్యాపారం మొత్తం ఈ ఒక్క అనుమతి మీదే నడిచింది.

అందుకే 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు, అప్పుల యాప్‌లు కాంటాక్టులు, కాల్ వివరాలు, ఫొటోలు, ఫైళ్ల జోలికి పోకూడదని ఆదేశించింది. కెమెరా, మైకు, లొకేషన్ వంటివి మాత్రం ఖాతాదారు గుర్తింపు కోసం, వారి సమ్మతితో ఒక్కసారి వాడుకోవచ్చు. 2023 మే నెలాఖరు నుంచి గూగుల్ ప్లే కూడా వ్యక్తిగత రుణాల యాప్‌లు కాంటాక్టులు, ఫొటోలు అడగకూడదంది. కాబట్టి ఇవాళ ఏ అప్పుల యాప్ అయినా కాంటాక్టులు అడిగితే ఇంకో ప్రశ్న అక్కర్లేదు, తీసెయ్యడమే.

యాక్సెసిబిలిటీ అనే అనుమతి ఇంకా ప్రమాదకరం. చూపు లేనివారికి తెర మీది అక్షరాలు చదివి వినిపించడానికి పుట్టిన మంచి సదుపాయమిది. తెరను చదవగలిగేది ఓటీపీనీ చదవగలదు, మన తరఫున బటన్లూ నొక్కగలదు. డబ్బు యాప్ ఏదైనా సరే, దీన్ని అడిగిందంటే అనుమానించాల్సిందే.

ఇక వడ్డీ. మనవాళ్లకు నూటికి రెండు రూపాయలంటే వెంటనే అర్థమవుతుంది, ఏడాదికి 24 శాతం. ఐదు రూపాయలంటే గుండె గుభేలుమంటుంది. విజయవాడలో 2015లో బయటపడ్డ అధిక వడ్డీల 'కాల్ మనీ' బాగోతాన్ని ఇప్పటికీ చెప్పుకుంటారు. యాప్ లెక్క అంత సూటిగా ఉండదు. ఉదాహరణకు 5,000 అప్పు, 'ప్రాసెసింగ్ ఫీజు' 1,500 ముందే కోత, చేతికొచ్చేది 3,500. వారంలో 5,000 కట్టాలి. వాడుకున్న 3,500 మీద వారానికి 1,500 అంటే దాదాపు 43 శాతం. ఏడాదికి లెక్కేస్తే 2,200 శాతం దాటుతుంది. మన భాషలో నూటికి నెలకు 180 రూపాయల పైమాట! ఫీజులన్నీ కలిపి ఏడాది రేటును ఒకే సంఖ్యగా చూపే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌ను సంతకానికి ముందే ఇవ్వాలన్న నిబంధన ఈ మాయను విప్పడానికే. అప్పు తీసుకున్నాక మనసు మారితే, కనీసం ఒక రోజు లోపల అసలు, ఆ కాలానికి వడ్డీ కట్టి బయటపడే హక్కు కూడా ఉంది.

డబ్బు నడిచే దారినీ గమనించాలి. అప్పు నేరుగా బ్యాంకు లేదా ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకేతర ఆర్థిక సంస్థ) ఖాతా నుంచి మన ఖాతాకి రావాలి, అలాగే తిరిగి వెళ్లాలి. మధ్యలో మూడోవాడి ఖాతా ఉండకూడదు. వాయిదా ఫలానా వ్యక్తి యూపీఐకి పంపమన్నారంటే అక్కడే ఆగిపోవాలి. వెనకున్న సంస్థ ఏదో తెలుసుకోవడానికి 2025 జులై నుంచి రిజర్వు బ్యాంకు వెబ్‌సైట్లో రుణ యాప్‌ల జాబితా ఉంది. అయితే ఆ వివరాలు బ్యాంకులు, ఎన్‌బీఎఫ్‌సీలు తామే అందించినవి, రిజర్వు బ్యాంకు పరీక్షించి మంచి మార్కులు వేసినవి కావు. అందులో పేరుంటే సగం నమ్మొచ్చు. లేకపోతే మాత్రం దూరంగా ఉండటం మేలు.

పేరున్న బ్యాంకు యాప్ అయినా నకిలీ కావచ్చు. ప్రతి ఆండ్రాయిడ్ యాప్‌కీ తయారీదారు రహస్య తాళంతో వేసిన డిజిటల్ సంతకం ఉంటుంది. పేరు, బొమ్మ కాపీ కొట్టొచ్చు గానీ ఆ సంతకాన్ని కొట్టలేరు. అందుకే నకిలీ యాప్ అసలుదాని మీద అప్‌డేట్‌గా ఎక్కదు, కొత్తగా దించుకోమంటుంది. ట్రాఫిక్ చలాన్ అనో, పీఎం కిసాన్ అనో, పెళ్లి శుభలేఖ అనో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లు ఈ బాపతే. బ్యాంకు యాప్ కావాలంటే ముందు బ్యాంకు వెబ్‌సైటుకి వెళ్లి, అక్కడి లింకు పట్టుకోవడం నయం. ఇప్పుడు బ్యాంకులకు 'బ్యాంక్ డాట్ ఇన్' అనే ప్రత్యేక చిరునామా ఉంది, అది ఇతరులకు దొరకదు. షేర్లు, మ్యూచువల్ ఫండ్ల విషయంలో సెబీ కూడా 2025 అక్టోబరు నుంచి నమోదైన సంస్థలకు 'వాలిడ్' అన్న మాట కలిసిన యూపీఐ చిరునామాలు అందుబాటులోకి తెచ్చింది. చెల్లించేటప్పుడు ఆకుపచ్చ త్రికోణంలో బొటనవేలు గుర్తు కనిపిస్తుంది.

ఇప్పటికే చిక్కుకున్నవారు యాప్‌ను తీసెయ్యడానికి తొందరపడొద్దు. సర్వర్‌కి చేరిన నంబర్లు తీసేసినంత మాత్రాన వెనక్కి రావు. ముందు స్క్రీన్‌షాట్లు, లావాదేవీల వివరాలు, బెదిరింపు కాల్స్ వచ్చిన నంబర్లు భద్రం చేసుకుని, ఆ తర్వాత అనుమతులు రద్దుచేసి యాప్ తీసెయ్యాలి. డబ్బు పోయి ఉంటే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చెయ్యాలి, ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును ఖాతాల్లో ఆపే అవకాశం అంత ఎక్కువ. అనుమతి లేని సంస్థల మీద రిజర్వు బ్యాంకు 'సచేత్' పోర్టల్లో ఫిర్యాదు చెయ్యవచ్చు. ఇంట్లోవాళ్లకీ స్నేహితులకీ సంగతి మనమే ముందు చెప్పేస్తే, వసూలుదారు చేతిలోని ఆ నంబర్ల జాబితాకి విలువ చాలావరకు పడిపోతుంది.