పసుపు బెల్టా, ఎర్ర బెల్టా

"బాబాయ్, నికాన్ తీసుకోమంటావా, కెనాన్ తీసుకోమంటావా?"

అడిగినవాడు మా తాడేపల్లి వీధిలో కుర్రాడే. రెండేళ్లుగా తను అన్న అని పిలిచే ఫొటోగ్రాఫర్ వెంట పెళ్లిళ్లకు లైటు పట్టుకుని, లెన్సుల సంచి మోసుకుని తిరుగుతున్నాడు. ఇక సొంత కెమెరా కొనుక్కుందామని బ్యారేజీ దాటి విజయవాడ వెళ్లి రెండు సెకండ్‌హ్యాండ్ డీఎస్ఎల్ఆర్ బాడీలు చూసొచ్చాడు. ఒకదాని బెల్టు మీద పసుపు అక్షరాలు, రెండోదాని బెల్టుకు ఎర్ర పట్టీ. రెండూ పాతవే. ధరలో పెద్ద తేడా లేదు.

ఒకప్పుడు ఎన్టీఆరా, ఏఎన్నారా అని హోటల్ బల్లల దగ్గర కొట్టుకున్నంత పట్టుదల ఈ రెండు బెల్టుల మధ్య కూడా ఉంది. స్టూడియోవాళ్లు, పత్రికల ఫొటోగ్రాఫర్లు ఏదో ఒక పక్షం పట్టినవాళ్లే. వాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. కెనాన్ పేరుతో బజారుకొచ్చిన మొదటి కెమెరాకు కళ్లు పెట్టింది నికాన్ వాళ్లే.

నికాన్ అసలు పేరు నిప్పన్ కొగాకు. 1917లో టోక్యోలో మొదలైంది, దృశ్య పరికరాల కంపెనీ. కెనాన్ మూలపురుషులు 1934లో ఒక చిన్న వర్క్‌షాపులో జర్మన్ లైకాను చూసి నమూనా కెమెరా చేశారు. దానికి ‘క్వానన్’ అని పేరు పెట్టి, వేయి చేతుల దేవత బొమ్మను ముద్రగా వేసుకున్నారు. ఆ క్వానన్ ఎవరో కాదు, మన బౌద్ధం చెప్పే అవలోకితేశ్వరుడే జపాన్ చేరి ఎత్తిన రూపం. కృష్ణ ఒడ్డున అమరావతి స్తూపానికి దగ్గర్లో ఉన్నవాళ్లం కనుక ఆ చుట్టరికం మనం చెప్పుకోవచ్చు. తీరా 1936లో ‘హన్సా కెనాన్’ అమ్మకానికి వచ్చేసరికి, వాళ్లకు లెన్సు చేసే సత్తా ఇంకా రాలేదు. నిప్పన్ కొగాకు తన నిక్కోర్ లెన్సును, అది బిగించే చట్రాన్ని కూడా చేసిచ్చింది. తర్వాతి డెబ్బై ఎనభై ఏళ్ల పోటీ ఒక కంచంలో తిన్నవాళ్ల మధ్య జరిగింది.

అదే 1936లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో ‘కీనె ఎక్సాక్టా’ అనే కెమెరా వచ్చింది. 35 మిల్లీమీటర్ల ఫిల్ముతో పనిచేసే, డీఎస్ఎల్ఆర్‌లకు తాతలైన ఎస్ఎల్ఆర్‌లకు అది పెద్దన్నలాంటిది. లెన్సు వెనక నలభై ఐదు డిగ్రీల వాలులో చిన్న అద్దం. లోపలికి వచ్చిన వెలుగును అది పైనున్న గరుకు గాజు మీదకు తిప్పుతుంది. ఫిల్ము ఏ లెన్సులోంచి చూడబోతోందో మనమూ అదే లెన్సులోంచి చూస్తాం. అయితే ఎక్సాక్టాను పొట్ట దగ్గర పెట్టుకుని తల వంచి చూడాలి. బొమ్మ కుడిఎడమలు తారుమారుగా కనిపిస్తుంది. ఎడమకు నడిచే మనిషి కోసం కెమెరాను కుడికి తిప్పిన తిప్పలు అప్పటివాళ్లవి. 1949లో వచ్చిన కాంటాక్స్ ఎస్, నెత్తిన అయిదు మూలల గాజుదిమ్మె పెట్టుకుని ఆ తిప్పలు తప్పించింది. డీఎస్ఎల్ఆర్ నెత్తిన గోపురంలా కనిపించే ఎత్తు ఆ దిమ్మె కోసమే.

ఇంకో ఇబ్బంది మిగిలింది. బటన్ నొక్కగానే అద్దం పైకి లేచి దారి ఇవ్వాలి, లేకపోతే వెలుగు ఫిల్మును చేరదు. లేచిన అద్దం, మళ్లీ ఫిల్ము చుట్టేదాకా దిగేది కాదు. అంతవరకూ చూపు చీకటే. 1954లో జపాన్‌వాళ్ల అసాహిఫ్లెక్స్ 2బి అద్దాన్ని తక్షణం కిందికి దింపే ఏర్పాటు తెచ్చింది. 1959లో నికాన్ ఎఫ్ వీటన్నిటినీ గట్టి ఇనప్పెట్టె లాంటి బాడీలో కూర్చి వార్తా ఫొటోగ్రాఫర్ల చేతికిచ్చింది.

తక్షణం అంటున్నాను గానీ, ఆ చీకటి పూర్తిగా పోలేదు. సెకనులో పదో వంతో, అంతకంటే తక్కువో మిగిలే ఉంది. బొమ్మ పడే క్షణంలో అద్దం పైన ఉంటుంది, కంటికేమీ కనిపించదు. అంటే వెయ్యి పెళ్లిళ్లు తీసిన ఫొటోగ్రాఫర్ కూడా తన ఫొటోలో పడిన మూడుముళ్ల క్షణాన్ని కెమెరాలోంచి చూసి ఉండడు. దాని ముందుది చూశాడు, వెనకది చూశాడు. ఆ మాట మావాడికి చెబితే, "అందుకేనేమో మా అన్న ముహూర్తానికి రెండో కన్ను మూయడు" అన్నాడు.

సరే, ఏ బెల్టు? కొనేవాళ్లు బాడీని చూస్తారు, మెగాపిక్సెళ్లు లెక్కపెడతారు. నా లెక్కలో అసలు చూడాల్సింది బాడీ మూతి దగ్గరున్న లోహపు ఉంగరం. దాన్ని మౌంట్ అంటారు. ఏ లెన్సు పడుతుందో, ఏది పట్టదో తేల్చేది అదే. నికాన్ 1959లో పెట్టిన ఎఫ్ మౌంటును డీఎస్ఎల్ఆర్ రోజుల చివరిదాకా మార్చలేదు. ఉంగరం అంచు నుంచి ఫిల్ముకో సెన్సారుకో ఉండే దూరం 46.5 మిల్లీమీటర్లు, అప్పుడూ ఇప్పుడూ అంతే. తాతగారి లెన్సు మనవడి బాడీకి చాలావరకు బిగుస్తుంది, కొన్నిట్లో ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి. కెనాన్ 1987లో పాత ఎఫ్‌డీ మౌంటును ఒక్క దెబ్బతో పక్కన పడేసి ఈఎఫ్ తెచ్చింది. కొత్తదాంట్లో లోపలికీ బయటికీ కదిలే మీటలేవీ లేవు, బాడీకీ లెన్సుకూ మధ్య మాటలన్నీ విద్యుత్తులోనే. లక్షలు పోసి ఎఫ్‌డీ లెన్సులు కొన్నవాళ్లు మండిపడ్డారు. కానీ ఆటల మైదానాల పక్కన కెనాన్ తెల్ల లెన్సులు బారులు తీరడానికి ఆ తెగువే కారణమని నా నమ్మకం. ఫోకస్ మోటారు దాదాపు ప్రతి లెన్సులోనూ కూర్చోవడంతో వేగంలో కెనాన్ ముందుకెళ్లింది.

తమాషా ఏమిటంటే, ఈ రెండు ఉంగరాలూ తిరగడం కూడా ఎదురెదురే. కెనాన్ లెన్సును గడియారం ముల్లు తిరిగేవైపు తిప్పితే బిగుస్తుంది, నికాన్ దానికి ఉల్టా. జూమ్ తిప్పే దిక్కూ అంతే. ఒక బెల్టుకు అలవాటుపడ్డ చెయ్యి రెండోదానికి మారితే కొన్నాళ్లు తడబడక తప్పదు.

డిజిటల్ కథకు వస్తే, ఇందులో ఇద్దరికీ అన్నం పెట్టిన మూడోవాడు కొడాక్. 1975లో అక్కడి ఇంజినీరు స్టీవెన్ సాసన్ మూడున్నర కిలోల పైచిలుకు బరువున్న డబ్బాతో 0.01 మెగాపిక్సెల్ బొమ్మ తీసి క్యాసెట్ టేపు మీదికి ఎక్కించాడు. ఒక్క బొమ్మకు 23 సెకన్లు పట్టింది. 1991లో నికాన్ ఎఫ్3 బాడీ వెనక కొడాక్ తన 1.3 మెగాపిక్సెల్ సెన్సారు తగిలించి అమ్మింది. హార్డ్ డిస్కున్న పెట్టెను వేరేగా భుజానికి తగిలించుకోవాలి. తర్వాత కెనాన్ బాడీలకూ అలాగే అమర్చింది. 1999లో నికాన్ సొంతంగా డి1, 2000లో కెనాన్ డి30, 2003లో వెయ్యి డాలర్ల లోపే కెనాన్ 300డి, ఆ మరుసటేడు దానికి జవాబుగా నికాన్ డి70. మామూలు స్టూడియోలకు డీఎస్ఎల్ఆర్ అందుబాటులోకి వచ్చింది ఈ చివరి రెండింటితోనే. పెంటాక్స్, ఒలింపస్, మినోల్టాను తీసుకున్న సోనీ కూడా బరిలో ఉండేవి. మంచి కెమెరాలే చేశాయి. కానీ మన ఊళ్లలో వాటి లెన్సు అరువు అడుగుదామంటే ఎవరి దగ్గర ఉంటుంది?

"రంగులు ఎవరివి బాగుంటాయి బాబాయ్?" అన్నాడు మావాడు. దానికి గుంటూరు మిరప కల్లాన్ని మించిన పరీక్ష లేదు. సెన్సారు మీద లక్షల కొద్దీ గిన్నెలున్నాయనుకోండి. కొడాక్ శాస్త్రవేత్త బ్రైస్ బేయర్ 1976లో పేటెంటు పొందిన పద్ధతిలో సగం గిన్నెలకు ఆకుపచ్చ మూత, పావు వంతుకు ఎరుపు, పావు వంతుకు నీలం. ఎండలో ఆరబోసిన తేజ మిర్చి మీద గురి పెడితే ఎర్ర గిన్నెలు ముందే నిండి పొంగిపోతాయి. మిగతావి సగం కూడా నిండవు. మొత్తం వెలుగును సగటు చూసే మీటరుకు అంతా సవ్యంగానే తోస్తుంది. తీరా ఫొటోలో కాయ ముడతలు ఉండవు, తొడిమ పక్క నీడ ఉండదు, ఎర్ర రంగు డబ్బా ఒలికినట్టు ఉంటుంది. పత్తి బోరేలది దీనికి వ్యతిరేకం. తెల్లని కుప్పను మీటరు బూడిద రంగనుకుని వెలుగు తగ్గించేస్తుంది. మిర్చికి వెలుగును ఓ అర మెట్టు (స్టాపు) పైన తగ్గించాలి, పత్తికి ఒకటో ఒకటిన్నరో పెంచాలి. ఈ రెండు పొరపాట్లూ ఏ బెల్టు కెమెరా అయినా చేస్తుంది.

బెల్టును బట్టి నిజంగా తేడా కనిపించిన చోటు మా పక్కనే ఉన్న ఉండవల్లి గుహ. ముగ్గురు మనుషుల పొడవున పవళించిన అనంత పద్మనాభస్వామి లోపల మసక చీకట్లో, బయట పొలాల మీద మిట్టమధ్యాహ్నపు ఎండ. ట్రైపాడ్‌కు పురావస్తు శాఖ అనుమతి కావాలి, కాబట్టి చేత్తోనే తీయాలి. ఎండ పాడవకుండా తీసి, తర్వాత కంప్యూటర్లో నీడలను ఎత్తాలి. 2010లో వచ్చిన నికాన్ డి7000లో, 2012 నాటి డి800లో సోనీ సెన్సార్లున్నాయి. వాటిలో వెలుగు కొలత అంకెగా మారేది సెన్సారు మీదే. ఆ కాలపు కెనాన్‌లో విద్యుత్ సంకేతం వేరే చిప్పు దాకా ప్రయాణం చేశాక గానీ అంకె అయ్యేది కాదు. కాలువ చివరి భూములకు నీళ్లు చేరేసరికి బురద కలిసినట్టు, దారిలో గోల చేరేది. నీడలను ఎత్తితే సన్నని చారలు తేలేవి. 2016లో 80డి, 5డి మార్క్ 4 నుంచి కెనాన్ కూడా ఆ పనిని సెన్సారు మీదికే తెచ్చుకుంది.

మరి తెలుగునాట ఎర్ర పట్టీ ఎందుకు అంతగా పాకింది? నా ఊహలో జవాబు వీడియో. 2008లో నికాన్ డి90 వీడియో తీసిన మొదటి డీఎస్ఎల్ఆర్ అయింది. వెంటనే కెనాన్ 5డి మార్క్ 2 ఫుల్ హెచ్‌డీతో వచ్చింది. సినిమా కెమెరా అద్దె భరించలేనివాళ్లకు అది వరమైంది. రాంగోపాల్ వర్మ 2011లో ‘దొంగల ముఠా’ను 5డిలతో ఐదు రోజుల్లో చుట్టేశారు. మరుసటేడు మారుతి ‘ఈ రోజుల్లో’ కూడా 5డితోనే తీశారు, అది ఆడింది కూడా. హీరో వెనక మసకబారిన దీపాలు చూసిన పెళ్లివారు మా సీడీలోనూ అలాగే కావాలన్నారు.

అద్దానికి గొయ్యి తవ్వింది కూడా ఆ వీడియోనే. వీడియో నడుస్తున్నంతసేపూ అద్దం పైకి లేచే ఉండాలి. గాజుదిమ్మెలో చీకటి, వెనక తెర మీద బొమ్మ. అలాంటప్పుడు అద్దం ఎందుకన్న ప్రశ్న రానే వచ్చింది. 2012లో ప్రపంచమంతా కోటీ అరవై లక్షల దాకా డీఎస్ఎల్ఆర్‌లు బజారుకు వెళితే, 2020కి అద్దంలేని కెమెరాలు వాటిని దాటిపోయాయి. 2018లో ఇద్దరు దాయాదులూ కొత్త ఉంగరాలు పెట్టారు, నికాన్ జడ్, కెనాన్ ఆర్ఎఫ్. అద్దానికి చోటు వదలక్కర్లేదు కనుక ఆ 46.5 మిల్లీమీటర్లు నికాన్‌లో 16కు దిగాయి.

అందుకే పాత బాడీలు ఇప్పుడు చవక. "కొనేముందు షట్టర్ కౌంట్ చూడు" అన్నాను. 5డి మార్క్ 2 షట్టరుకు కంపెనీ చెప్పిన ఆయుష్షు లక్షన్నర దెబ్బలు. పెళ్లికి మూడు వేలు కొడితే యాభై పెళ్లిళ్లు. "ఇక బెల్టు సంగతంటావా, మీ అన్న సంచిలో ఏ లెన్సులున్నాయి? ముహూర్తం రాత్రి లెన్సు పాడైతే ఎవరింటి తలుపు కొడతావు? అది ఆలోచించుకో."

పది రోజుల తర్వాత కొనుక్కుని వచ్చి చూపించాడు. బెల్టు అప్పుడే విప్పేశాడు, మెడకు గీసుకుపోతోందట. అరువు తెచ్చిన లెన్సు జేబులోంచి తీసి, కళ్లు నా మీదే ఉంచి, ఎటు తిప్పాలో ఒక్కసారైనా చూడకుండా బిగించాడు. రెండేళ్లు చీకటి మండపాల్లో అందించిన చెయ్యి కదా. టక్కుమంది.