ఫార్మాట్ కొట్టే ముందు

చెన్నై చింతాద్రిపేటలో, ఎలక్ట్రానిక్స్ దుకాణాల రిచీ స్ట్రీట్ పక్కనే నా కంప్యూటర్ రిపేరు పని. "అన్నా, రాత్రి అప్‌డేట్ అయింది, పొద్దున ఆన్ కాలేదు. ఫార్మాట్ కొట్టేద్దామా?" అంటూ వస్తారు. వద్దంటాను. ఫార్మాట్‌తో సిస్టమ్ బాగవుతుంది, అందులోని పెళ్లి ఫోటోలు మాత్రం పోతాయి.

మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం అప్‌డేట్లు వదులుతుంది. మనకప్పుడు రాత్రి. అప్‌డేట్ తెర మీద శాతం కదలకపోయినా హార్డ్ డిస్క్ లైటు మినుకుమంటుంటే పని జరుగుతున్నట్టే, స్విచ్ ఆపకండి. పాత డిస్కులకు గంటలు పడుతుంది. రీస్టార్ట్ మీద రీస్టార్ట్ అవుతుంటేనో, నీలం తెర దగ్గర ఆగిపోతేనో అప్పుడు చేయి పెట్టాలి.

ముందు ప్రింటరు, పెన్‌డ్రైవ్ పీకేయండి. ఆన్ చేసి, విండోస్ గుర్తు రాగానే పవర్ బటన్ నొక్కిపట్టి ఆపండి. వరసగా రెండు మూడుసార్లు ఇలా చేస్తే రికవరీ తెర వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ వరసగా ఎంచుకోండి. అక్కడ క్వాలిటీ అప్‌డేట్ అంటే నెలవారీది, ఫీచర్ అప్‌డేట్ అంటే కొత్త వెర్షన్. కొత్తగా పడినదాన్ని తీసేస్తే చాలాసార్లు సిస్టమ్ లేచి కూర్చుంటుంది, మీ ఫైళ్లకు ఏమీ కాదు. వెర్షన్ వెనక్కి తిప్పడానికి మామూలుగా పది రోజులే గడువు, ఆలస్యం చేయకండి.

ఈ దారి కూడా ఒకసారి మూసుకుపోయింది. 2025 అక్టోబర్ 14న, విండోస్ 10కి మద్దతు ముగిసిన రోజునే, విండోస్ 11కి వచ్చిన అప్‌డేట్‌తో రికవరీ తెరలో యూఎస్‌బీ కీబోర్డు, మౌస్ పనిచేయకుండా పోయాయి. తెర కనిపిస్తుంది, బాణం కదలదు! ఊదా రంగు గుండ్రటి పిన్ను ఉండే పాతకాలం పీఎస్/2 కీబోర్డు మాత్రం పనిచేసింది, అది పెట్టే సాకెట్ ఉన్న సిస్టమ్‌లలో. మైక్రోసాఫ్ట్ 20వ తేదీన విడిగా మరో అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. పాత కీబోర్డు పారేయొద్దని నేను చెప్పేది అందుకే.

ఏదీ కుదరకపోతే పెన్‌డ్రైవ్ నుంచే నడిచే ఉబుంటు అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్‌తో కంప్యూటర్ తెరిచి, ఫైళ్లన్నీ బయటి డిస్క్‌లోకి కాపీ చేశాకే ఫార్మాట్. ఇక్కడే బిట్‌లాకర్ అడ్డొస్తుంది. అది డిస్క్‌కు వేసిన తాళం, తెరవాలంటే 48 అంకెల రికవరీ కీ కావాలి. చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో మనం అడక్కుండానే పడి ఉంటుంది. కీ సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, ఫోన్‌లో లాగిన్ అయి చూడొచ్చు. ఆ అకౌంట్ పాస్‌వర్డ్ గుర్తులేక, మార్చుకునే దారి కూడా లేనివాళ్లకు నేను కాదు, రిచీ స్ట్రీట్ మొత్తం కలిసినా ఏమీ చేయలేదు. సిస్టమ్ బాగున్న ఈరోజే ఆ అంకెలు నోట్‌బుక్‌లో రాసి బీరువాలో పెట్టుకోండి.