మీకు తెలుసా? నెల్లూరు డాక్టరు, కలివికోడి

1840లలో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా ఉన్న థామస్ జెర్డాన్ వైద్యం చేస్తూనే పక్షుల నమూనాలు సేకరించేవారు. నెల్లూరుకు పడమటి కొండల వైపు ఆయనకు దొరికిన ఒక పక్షిని, ఎడ్వర్డ్ బ్లైత్ 1848లో శాస్త్రలోకానికి పరిచయం చేశారు. అదే మన కలివికోడి, జెర్డాన్స్ కోర్సర్.

- ఎలా ఉంటుంది: రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టీలు, కంటి మీద తెల్లటి చార, చీకట్లో చూడగల పెద్ద కళ్లు. పగలు పొదల మాటున ఉండి, రాత్రి మేతకు బయలుదేరుతుంది.

- మాయమై దొరికింది: 1900 తర్వాత జాడ తెలియక, అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ బృందం కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర దాన్ని గుర్తించింది. రాత్రిపూట టార్చిలైటు వెలుగులో పక్షిని పట్టింది ఒక స్థానిక వేటగాడే.

- మ్యూజియంలో గుడ్డు: స్కాట్లండ్‌లోని అబర్డీన్ విశ్వవిద్యాలయ మ్యూజియంలో ఉన్న గుడ్డు కలివికోడిదేనని 2013లో డీఎన్‌ఏ పరీక్ష తేల్చింది. అది 1917లో సేకరించినది.

దానికి కావలసింది ముళ్లపొదలు, మధ్యమధ్య ఖాళీ నేల. ఆ పొదలను బీడని నరకకండి. అదే దాని ఇల్లు.