మూడు పొరల ముందద్దం

ఉప్పాడలో సముద్రం రోడ్డెక్కడం కొత్తేమీ కాదు. కాకినాడ నుంచి తీరం వెంట వచ్చే బీచ్ రోడ్డును అది తుపాను తుపానుకీ కోసేస్తూనే ఉంది. 2025 అక్టోబరులో మొంథా తుపాను వచ్చినప్పుడూ అంతే. నీళ్ళు తీశాక రోడ్డు మీద కంకర మిగులుతుంది. ముందు లారీ, వెనక కారు. టక్కుమని ఒక చప్పుడు, అద్దం మీద చిన్న చుక్క. నాలుగు గతుకులు దాటేసరికి ఆ చుక్క గీతగా సాగుతుంది. కాకినాడ వెళ్ళి గ్లాసు షాపులో అడిగితే ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇది: "కంపెనీదా, లోకలా అండీ?" మనం ఠక్కున రేటు అడుగుతాం. తేడా ఎందులో ఉందని అడిగేవాళ్ళు తక్కువ.

తేడా చాలావరకు కంటికి కనిపించని మధ్య పొరలో ఉంటుంది. ఆ పొరను కనిపెట్టినాయన ఫ్రాన్సుకు చెందిన ఎడ్వర్డ్ బెనెడిక్టస్. రసాయన శాస్త్రవేత్తే కాదు, చిత్రకారుడు కూడా. బట్టల మీద వేసే డిజైన్లకు ఈనాటికీ ఆయన పేరు చెప్పుకుంటారు. జాందానీ చీరలు నేసే ఉప్పాడకు నచ్చే సంగతే ఇది. 1903లో ఆయన ప్రయోగశాలలో ఒక గాజు సీసా పైనుంచి కింద పడిందట. నెర్రెలు విచ్చింది గానీ ముక్కలు రాలలేదు. అంతకు ముందెప్పుడో అందులో పోసిన సెల్యులోజ్ నైట్రేట్ ద్రావణం ఆవిరైపోయి, లోపల పల్చని పొర మిగిలి ఉంది. ముక్కల్ని పట్టుకున్నది ఆ పొరే. అప్పట్లో కార్ల ముందు ఉన్నది మామూలు పలక గాజు. ప్రమాదం జరిగితే అదే కత్తయ్యేది. బెనెడిక్టస్ రెండు గాజు పలకల మధ్య సెల్యులాయిడ్ పెట్టి, 1909లో పేటెంటు తీసుకున్నాడు. మూడు పొరలు కాబట్టి ట్రిప్లెక్స్ అన్నారు. దాన్ని ముందుగా బాగా వాడుకున్నది కార్లు కాదు, మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల గ్యాస్ మాస్కులు. 1927 చివర్లో వచ్చిన ఫోర్డు మోడల్ ఎ కారుతో ఈ అద్దం మామూలు జనం దాకా చేరింది.

అయితే సెల్యులాయిడ్‌కు ఎండ పడదు. కొన్నేళ్ళకు పసుపెక్కి, అంచుల్లో ఊడి, బుడగలు కట్టేది. అంటే అద్దం రంగు మీద ఫిర్యాదులకు అద్దానికి ఉన్నంత వయసు ఉంది. ఆ తలనొప్పిని తీర్చింది పాలీవినైల్ బ్యుటిరాల్. షాపువాళ్ళు పీవీబీ అంటారు. కెనడాలో మాథెసన్, స్కిర్రో అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు 1927 ప్రాంతంలో తయారుచేసిన ఈ పదార్థం 1930ల చివరికల్లా సెల్యులాయిడ్‌ను పక్కకు నెట్టేసింది. చేత్తో పట్టుకుంటే మన మామిడి తాండ్రలా మెత్తగా, లాగితే సాగేలా ఉంటుంది. మందం మాత్రం 0.76 మిల్లీమీటర్లు. రెండు పలకల మధ్య పరిచి, సుమారు 140 డిగ్రీల వేడిలో, వాతావరణ పీడనానికి పన్నెండింతల దాకా ఒత్తిడి పెడితే పారదర్శకమై గాజుకు అతుక్కుంటుంది. రాయి తగిలితే గాజు పగులుతుంది, పొర పట్టుకుంటుంది. పైగా అతినీలలోహిత కిరణాల్లో 99 శాతం దాకా అక్కడే ఆగిపోతాయి.

చవక అద్దం ముందుగా దొరికిపోయేది ఇక్కడే. పీవీబీకి తేమ పీల్చే గుణం ఉంది. పొర పరిచే గదిలో తేమ అదుపులో లేకపోయినా, అంచులు సరిగ్గా నొక్కకపోయినా, ఒకటి రెండు వర్షాకాలాలకే అంచుల్లో తెల్లటి పొగమంచులాంటి మచ్చ మొదలై లోపలికి పాకుతుంది. ఉప్పాడ గాలిలో ఏడాది పొడవునా తేమే కదా.

రెండో లోపం వంపులో ఉంటుంది. గాజు పలక నునుపుగా రావడం ఇప్పుడు కష్టం కాదు. ఇంగ్లండులో అలస్టేర్ పిల్కింగ్టన్ కరిగిన తగరం మీద కరిగిన గాజును తేలించే పద్ధతిని సాధించి 1959లో ప్రకటించాక, సానపట్టాల్సిన పని పోయింది. కానీ కారు ముందద్దం బల్లపరుపుగా ఉండదు. రెండు పలకలనూ జతగా అచ్చు మీద పెట్టి, 600 డిగ్రీలు దాటిన వేడిలో వంచుతారు. అచ్చు సరిగ్గా లేకపోతే, వేడి ఒకచోట ఎక్కువై మరోచోట తగ్గితే, గాజు అలలు తిరుగుతుంది. అలాంటి అద్దం వెనక కూర్చుంటే గంటసేపటికే కళ్ళు లాగుతాయి. రాత్రి ఎదురుగా వచ్చే రొయ్యల వ్యాను హెడ్‌లైటు ఒకటికి రెండుగా కనిపిస్తుంది. ఫ్యాక్టరీలో దీన్ని చారల బోర్డు పెట్టి పరీక్షిస్తారు. మనకు అంతకన్నా మంచి గీత ఉప్పాడలో ఉచితంగా దొరుకుతుంది. సముద్రం వైపు కారు తిప్పి, డ్రైవరు సీట్లో కూర్చుని, తలను మెల్లగా అటూ ఇటూ ఊపుతూ నీరూ ఆకాశమూ కలిసే చోటు చూడండి. ఆ గీత వంకర్లు పోతే మీ చూపుకేం కాలేదు, అద్దం మార్చమనండి. అంచుల దగ్గర కాస్త వంకర ఉండటం సహజం. డ్రైవరు కళ్ళ ఎదుట ఉంటే మాత్రం ఒప్పుకోకూడదు.

ఇక రంగు. ఎక్కువ గొడవలు దీని మీదే. పాత అద్దం లేతాకుపచ్చ, కొత్తది తెలుపు. పక్క డోరు అద్దాలతో కలవదు. పై అంచున ఉండే రంగు పట్టీ పాతదానికి ఆకుపచ్చైతే కొత్తదానికి నీలం. చూపులకు బాగాలేదన్నది నిజమే గానీ అసలు నష్టం వేరే ఉంది. ఆకుపచ్చ రంగు ఇనుముది. గాజులో కలిసిన ఇనుము ఎండలోని పరారుణ కిరణాలను, అంటే వేడిని, కొంత మింగేస్తుంది. తెల్ల అద్దం వేయించుకుంటే ఏసీకి పని పెరుగుతుంది. అలాగని ఇనుము మితిమీరకూడదు, అందుకే గాజుకు తెల్లటి సిలికా ఇసుక కావాలి. మన రాష్ట్రంలో దానికి పేరు గూడూరు దగ్గరి చిల్లకూరు, కోట ప్రాంతాలది. తుపాను వెళ్ళాక ఉప్పాడవాళ్ళు బంగారం రేణువుల కోసం జల్లించే ఇసుక ఆ పనికి రాదు. మన తీరపు ఇసుకలోని నల్లటి ఇల్మనైట్‌లో ఇనుము మరీ ఎక్కువ. పై పట్టీ రంగు మాత్రం గాజుది కాదు, పీవీబీ పొరలోనే ఉంటుంది. అది కిందికి దిగి చూపుకు అడ్డొస్తే ఆ అద్దం మీ మోడలుది కాదేమోనని అనుమానించాలి.

ఎంత రంగు ఉండవచ్చో చట్టం చెప్పింది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో వందోది ఇది: ముందు, వెనక అద్దాల గుండా కనీసం 70 శాతం వెలుతురు రావాలి, పక్క అద్దాల గుండా 50 శాతం. మామూలు తెల్ల గాజే రెండు వైపులా కలిపి 8 శాతం దాకా వెలుతురును వెనక్కి కొట్టేస్తుంది. 75 శాతం వదిలే ఆకుపచ్చ అద్దం మీద సగం వెలుతురు ఆపే ఫిల్ము అంటిస్తే లోపలికొచ్చేది 37.5 శాతమే. 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు అసలు ఫిల్మే వద్దంది. తర్వాత నిబంధనలు మారాయి. శాతాలు తప్పకుండా ఉంటే ఫిల్ము నేరం కాదని 2024లో కేరళ హైకోర్టు చెప్పింది. 70 అంకె మాత్రం మారలేదు. ముందద్దానికి నల్ల ఫిల్ము అంటించుకుని వాన రాత్రి బీచ్ రోడ్డెక్కేవాళ్ళ ధైర్యం నాకు అర్థం కాదు.

అద్దం మంచిదైనా బిగింపు చెడగొట్టగలదు. ముందద్దం ఇప్పుడు రబ్బరులో కూర్చోవడం లేదు. పాలీయురేథేన్ జిగురుతో బాడీకి అతుక్కుంటుంది. చాలా కార్లలో పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ విచ్చుకునేటప్పుడు ఆనేది ఈ అద్దానికే. అంచు చుట్టూ ఉండే నల్ల పట్టీ అలంకారం కాదు, ఆ జిగురుకు ఎండ తగలకుండా కాసేది. ఈ జిగురు గాలిలోని తేమతోనే గట్టిపడుతుంది కాబట్టి, ఒక్క ఈ విషయంలో మన తీరానిది అదృష్టమే. అయినా డబ్బా మీద రాసిన గంటలు ఆగకుండా బండి తీయకూడదు. పాత అద్దం కోసేటప్పుడు రేకు మీద రంగు గీసుకుపోతే ఉప్పుగాలి ఊరుకోదు. ప్రైమర్ వేయకుండా పైన జిగురు పూస్తే లోపల తుప్పు పట్టి, వానకు డ్యాష్‌బోర్డు తడుస్తుంది. ఉప్పు గాజును గీయలేదు, అంత గట్టిది కాదు. గీసేది ఇసుక. ఎండిన అద్దం మీద వైపరు తిప్పకుండా ముందు నీళ్ళు కొట్టండి.

ఒక మాట ఇన్సూరెన్సు గురించి. సమగ్ర పాలసీలో రబ్బరు, ప్లాస్టిక్ సామాన్లకు సగం తరుగు కోస్తారు. గాజుకు తరుగు సున్నా. క్లెయిం చేస్తే నో క్లెయిం బోనస్ పోయే సంగతి లెక్కేసుకోండి. అద్దం మూలన చిన్న అక్షరాల్లో తయారీదారు పేరు, ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 2553 అంకె ఉంటాయి. బిగించక ముందే అవి చదివి, ఆ పేరునే బిల్లు మీద రాయించుకోండి. రాయనన్న షాపులో అద్దం వేయించుకోకండి.