బాసీ ఈద్ నాష్తా - మిగిలిన కూరకూ మర్యాద ఉంది

పెద్దల మాట చద్దిమూట అన్నారు. రాత్రి మిగిలిన అన్నాన్ని మూటగట్టుకుని పొలం వెళ్లిన రైతును మిట్టమధ్యాహ్నం ఆ మూటే ఆదుకునేది. అందుకే పెద్దల హితవును దానితో పోల్చారు. మిగిలిన అన్నానికి ఇంతటి గౌరవం ఇచ్చిన భాష మనది. ఉర్దూ కూడా తక్కువేమీ కాదు. పండుగ మరునాటిని 'బాసీ ఈద్' అంటాము. బాసీ అంటే నిన్నటిది, చద్దిది. పండుగకే చద్ది అని పేరుపెట్టుకుని, ఆ రోజు కూడా అత్తరు రాసుకుని బంధువుల గడప తొక్కే సంప్రదాయం మనది.

2025లో బక్రీద్ జూన్ 7న వచ్చింది. మరునాడు ఉదయం మా ఇంట్లో దస్తర్‌ఖాన్ పరిచారు. నిన్నటి వేటమాంసం, బంగాళాదుంపలు కలిపి ఎర్రగా వేయించిన మూకుడు మధ్యలో పెట్టారు. కాలేజీలో చదువుతున్న మా చిన్నవాడు దానివైపు చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"అబ్బా, ఇది నిన్నటి గోష్తే కదా? నాకొద్దు. సెంటరుకెళ్లి దోసె తినొస్తా" అన్నాడు.

వాళ్లమ్మ ముఖం చిన్నబోయింది. మేము మాత్రం వాడిని మందలించలేదు. వాడి భయానికి కారణం ఉంది. ఆ కారణం మేమే. ఆ సంగతి చెప్పుకునే ముందు, ఈ వంటకం గురించీ, దీన్ని మాకు నేర్పిన మనిషి గురించీ నాలుగు మాటలు చెప్పాలి.

పేదింటి తెలివి

మిగిలిన మాంసాన్ని చిన్న ముక్కలు చేసి, ఉడికిన దుంపతో కలిపి వేయించుకోవడం ఒక్క మన ఇళ్ల అలవాటే కాదు. ఇంగ్లీషువారు దీన్ని 'హ్యాష్' అంటారు. ముక్కలుగా కొట్టడం అనే అర్థమున్న ఫ్రెంచి మాట నుంచి ఆ పేరు వచ్చింది. స్వీడన్ దేశస్థులు 'పిట్టిపన్నా' అంటారు, పెనంలో చిన్న ముక్కలు అని దాని భావం. తెల్లదొరల కాలంలో మన దేశంలో ముందురోజు మిగిలిన మాంసాన్ని ఉల్లిపాయలు, మిరపకాయలతో వేయించి వడ్డించేవారు. ఇవాళ హోటళ్లలో ఖరీదు పెట్టి తింటున్న 'జల్‌ఫ్రేజీ' పుట్టుక అదే. దేశం ఏదైనా దీని వెనుక ఉన్నది ఒక్కటే ఆలోచన. ఉన్న కాస్త మాంసం పదిమందికి అందాలి, పారేయడం ఉండకూడదు.

ఇందులో దుంపదే పెద్ద పాత్ర. బంగాళాదుంప పుట్టిల్లు దక్షిణ అమెరికా. పోర్చుగీసు వర్తకులు పడమటి తీరానికి తెచ్చారు గనుక మహారాష్ట్రులు నేటికీ వారి మాటతోనే 'బటాటా' అంటున్నారు. మన తెలుగువారికి బెంగాలు మీదుగా వచ్చినందున బంగాళాదుంప అయింది. కోనసీమ లంకల్లో కంద, చేమ, అరటి పండుతాయి గానీ బంగాళాదుంప లారీల మీద బయటి నుంచి రావలసిందే. అయినా మన ఆలూ గోష్త్‌లో అది ఇంటి ఆడపడుచులా కలిసిపోయింది. పావుకిలో మాంసానికి అరకిలో దుంపలు తోడైతే చిన్న సంసారం పూటగడుపుకుంటుంది.

మా ఇంట్లో ఈ వేపుడును 'ఖుర్చన్' అంటారు. గీకి తీసినది అని అర్థం. ఢిల్లీలో ఈ పేరుతో ఒక పాలమిఠాయి ఉంది, అది వేరు. మూకుడు అడుగున ఎర్రగా అంటుకున్న పొరను అట్లకాడతో గీకి తీయడమే మా వంటకంలోని రుచి గనుక మా దాదీమా ఆ పేరు పెట్టింది.

తుపాను మరునాటి ఉదయం

మాకు ఖుర్చన్ విలువ తెలిసింది 1996లో. ఆ ఏడు నవంబరు 6న తుపాను కోనసీమను ఊడ్చిపెట్టిన సంగతి మన జిల్లాలో ఎవరూ మరువలేదు. రాజోలు దగ్గర మా పెంకుటిల్లు. అప్పటికి మేము పాతికేళ్ల వాళ్లం. సాయంత్రం మొదలైన గాలి రాత్రంతా ఆగలేదు. కొబ్బరిచెట్లు విరిగిపడుతున్న చప్పుడు వింటూ, అబ్బాజాన్ తస్బీహ్ తిప్పుతూ కూర్చున్నారు. అమ్మీ మాత్రం కుంపటి వదలలేదు. మధ్యాహ్నం వండిన గోష్త్ దేగ్చీ దాని మీదే ఉంది. రాత్రి ఒకసారి తెర్ల మరిగించింది. తరువాత బొగ్గులు ఆరకుండా చూస్తూ దేగ్చీని సెగ మీదే ఉంచింది. తెల్లవారుజామున మళ్లీ మరిగించింది.

"ఇంత గాలివానలో కూర గురించి బెంగేమిటి అమ్మీ?" అని విసుక్కున్నాము.

"రేపు పొద్దున నీకు ఆకలి వేయదా బేటా? పక్కింటి వాళ్లకు వేయదా?" అంది.

తెల్లవారేసరికి పక్కింటి కప్పు లేదు. ఆ ఇంటి అక్క పిల్లల్ని చంకనేసుకుని మా వసారాలో నిలబడింది. వాళ్లు హిందువులు, మాతో ముప్పై ఏళ్ల స్నేహం. దారులన్నీ చెట్లు పడి మూసుకుపోయాయి. ఇంట్లో బుట్టెడు దుంపలున్నాయి. అమ్మీ వాటిని ఉడకేసి, దేగ్చీలోని మాంసం ఎముకల నుంచి ఒలిచి, రెండూ కలిపి పెద్ద మూకుట్లో వేయించింది. రెండిళ్ల వాళ్లం పదకొండు మందిమి తిన్నాము. ముందు పక్కింటి పిల్లలకు పెట్టి, తరువాత మాకు పెట్టింది. అడుగున మిగిలిన ఖుర్చన్‌ను తను గీక్కుని తింది.

"అక్కా, నిన్నటి కూరని తెలీలేదు సుమా" అని పక్కింటి అక్క అంటే, "నిన్నటిది కాదమ్మా, రాత్రంతా మేలుకున్నది" అని అమ్మీ నవ్వింది. ఆ మాట మాకు అప్పుడు హాస్యంగా తోచింది. అందులోని అర్థం తెలియడానికి ఇరవై ఎనిమిదేళ్లు పట్టింది.

చేసే విధానం

ఐదుగురికి సరిపడే కొలత చెబుతాము. ఎముకలు తీసిన వండిన మాంసం సుమారు 400 గ్రాములు, బంగాళాదుంపలు అరకిలో, పెద్ద ఉల్లిపాయలు రెండు, పచ్చిమిరపకాయలు నాలుగు, అల్లం వెల్లుల్లి ముద్ద ఒక చెంచా, మిరియాలపొడి అరచెంచా, కరివేపాకు, కొత్తిమీర, ఒక నిమ్మకాయ, మూడు గరిటెల నూనె. పచ్చబారిన దుంపలు, మొలకలెత్తిన దుంపలు వాడరాదు.

దుంపలను తొక్కతోనే ఉడికించాలి. మెత్తబడకముందే, చాకు దిగేంత ఉడకగానే దించాలి. పూర్తిగా చల్లారాక తొక్క తీసి వేలిగోరంత ముక్కలు కోయాలి. వేడి దుంపను కోస్తే చితికి ముద్దవుతుంది. పళ్లెంలో పరిచి కాసేపు తడి ఆరనిస్తే బాగా వేగుతుంది.

మాంసాన్ని దుంప ముక్కల పరిమాణంలోనే తుంచుకోవాలి. కూరలోని పులుసును మాంసంతో పాటు ముందుగా మూకుట్లో పోసి, బుడగలు వచ్చేలా బాగా మరిగించి, ఇగిరే వరకు ఉంచాలి. ఈ మెట్టును ఎవరూ దాటవేయవద్దు. రుచికీ, క్షేమానికీ ఇదే ఆధారం. ఇగిరిన మాంసాన్ని తీసి మూతపెట్టి పక్కన ఉంచుకోవాలి.

అదే మూకుట్లో నూనె వేసి ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, కరివేపాకు, అల్లం వెల్లుల్లి ముద్ద వేయించి, దుంప ముక్కలు పరవాలి. ఉప్పు దుంపలకు మాత్రమే చాలు, మాంసంలో ఇదివరకే ఉంది. ఇక నాలుగైదు నిమిషాలు కదపకూడదు. మాటిమాటికీ కలిపితే ఎర్రటి పొర కట్టదు. అడుగు ఎర్రబడ్డాక అట్లకాడతో గీకి తిరగవేసి, మాంసం కలిపి, అదిమి, మరో నాలుగైదు నిమిషాలు సన్నసెగ మీద ఉంచాలి. మళ్లీ గీకి తిరగవేయాలి. చివర మిరియాలపొడి, కొత్తిమీర చల్లి, పొయ్యి ఆపాక నిమ్మరసం పిండాలి. ఇష్టమైనవారు నడుమ గుంట చేసి కోడిగుడ్లు కొట్టి మూతపెట్టవచ్చు.

పరాఠాతో తినడం మామూలే. మన గోదావరి వారి దిబ్బరొట్టెతో తిని చూడండి. పైన కరకర, లోపల మెత్తన ఉండే మినప రొట్టె మీద ఈ వేడి ఖుర్చన్ వేసుకుంటే మధ్యాహ్నం దాకా ఆకలి గుర్తుకురాదు. పనసాకు బుట్టల్లో ఉడికిన పొట్టిక్కలతో కూడా చక్కగా కుదురుతుంది.

మా ఇంట జరిగిన పొరపాటు

ఇప్పుడు మా చిన్నవాడి సంగతి. 2024లో బక్రీద్ జూన్ 17న వచ్చింది. ఉక్కపోత రోజులు. ఫ్రిజ్ నిండా పచ్చి మాంసం కుక్కాము. అందువల్ల వండిన కూర దేగ్చీకి చోటు లేకపోయింది. మూతపెట్టి పొయ్యి మీదే వదిలేశాము. ఉదయం మూత తీసి వాసన చూస్తే బాగానే ఉంది. గోరువెచ్చగా చేసి, దుంపలు కలిపి అందరికీ పెట్టాము. మధ్యాహ్నానికి ఇంట్లో నలుగురికి వాంతులు, విరేచనాలు. చిన్నవాడికి అమలాపురంలో సెలైను ఎక్కించవలసి వచ్చింది. మంచం పక్కన కూర్చున్నప్పుడు అమ్మీ మాట గుర్తుకొచ్చింది. ఆమె కూర రాత్రంతా మేలుకుంది, మా కూర నిద్రపోయింది.

వండిన ఆహారాన్ని బయట రెండు గంటలకు మించి ఉంచవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఐదు డిగ్రీల నుంచి అరవై డిగ్రీల సెల్సియస్ మధ్య క్రిములు త్వరత్వరగా పెరుగుతాయి. కోనసీమ వేసవి రాత్రి సరిగ్గా ఆ మధ్యనే ఉంటుంది. క్రిములున్నంత మాత్రాన వాసన రావాలని లేదు. కొన్ని క్రిములు విడిచిన విషం మళ్లీ మరిగించినా పోదు. కనుక రాత్రంతా బయట ఉన్న కూరను ఉదయం ఎంత వేడిచేసినా నమ్మరాదు. నిలవచేయదలచిన కూరను వండిన రెండు గంటల్లోపే వెడల్పాటి చిన్న గిన్నెల్లోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టాలి. మూడు రోజుల లోపు వాడేయాలి. మళ్లీ వేడిచేసేటప్పుడు పొగలు కక్కేలా మరగాలి. వేడిచేయడం ఒక్కసారే, తినగలిగినంత మాత్రమే. ఫ్రిజ్ లేని ఇంట ఏ పూటకు ఆ పూట వండుకోవడమే మంచిది. కరెంటు చాలాసేపు పోయిన రాత్రి ఫ్రిజ్‌ను కూడా నమ్మకూడదు.

అంత కూర ఎందుకు మిగిలింది?

ఈ జాగ్రత్తలన్నీ నేర్చుకున్నాము. అయినా ఒక ప్రశ్న మమ్మల్ని వదలలేదు. ఆ రాత్రి ఫ్రిజ్ ఎందుకు నిండింది? దేగ్చీలో అంత కూర ఎందుకు మిగిలింది?

ఖుర్బానీ మాంసాన్ని మూడు భాగాలు చేసి ఒకటి ఇంటికి, ఒకటి బంధుమిత్రులకు, ఒకటి పేదలకు ఇవ్వడం ఉత్తమమని పిల్లలకు పాఠం చెప్పేవాళ్లం మేము. ఆ రోజు వాన పడింది. 'దూరపు ఇళ్లకు రేపు పంపుదాములే' అనుకున్నాము. ఆ రేపు రాలేదు. ఇవ్వవలసిన వాటా ఫ్రిజ్‌లో చేరింది, కొంత మా దేగ్చీలో ఉడికింది.

బక్రీద్ తరువాతి మూడు రోజులను 'తష్రీఖ్' దినాలంటారు. మాంసాన్ని ఎండలో ఆరబెట్టడం నుంచి ఆ పేరు వచ్చిందని నిఘంటుకారులు చెబుతారు. అంటే దాచుకోవడం తప్పు కాదు. అయితే దైవప్రవక్త (స) ఒక ఏడాది ఖుర్బానీ మాంసాన్ని మూడు రోజులకు మించి ఉంచుకోవద్దని ఆదేశించారు. ఆ ఏడు జనం ఇబ్బందుల్లో ఉన్నారు, ఆకలిగొన్న పేదలు మదీనాకు తరలివచ్చారు. మరుసటి ఏడు ఆ ఆంక్షను ఎత్తివేసి, తినవచ్చు, దాచుకోవచ్చు, దానం చేయవచ్చు అన్నారు. బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలలో ఈ వివరం ఉంది. మనం దాచుకోవడానికి అనుమతి ఉంది, పొరుగువాడి ఆకలి తీరాక.

మరో మాట. మిగిలిన కూరను పనిమనిషికో, గుమ్మంలోకి వచ్చిన పేదకో ఇచ్చి, దానినే దానం అనుకునే అలవాటు మనలో ఉంది. మనం తీసుకోవడానికి ఇష్టపడని వస్తువును ఏరి ఇతరులకు ఇవ్వవద్దని ఖురాన్ బఖరా సూరా 267వ ఆయతు బోధిస్తోంది. తాజాది పంచాలి, మిగిలింది మనం తినాలి. తుపాను నాడు అమ్మీ పక్కింటి పిల్లలకు పెట్టింది మేము తిన్న మూకుట్లోనిదే. అడుగున మిగిలింది మాత్రం తన వాటా అనుకుంది.

2025 బక్రీద్‌కు మధ్యాహ్నం నమాజు వేళకే పంపకం పూర్తిచేశాము. ఆ పని మా చిన్నవాడికే అప్పగించాము. సైకిలు మీద తిరిగి అన్ని ఇళ్లకూ అందజేశాడు. మా వాటా కూర సాయంత్రానికే చిన్న గిన్నెల్లో ఫ్రిజ్‌లో చేరింది. ఆ సంగతి మరునాడు దస్తర్‌ఖాన్ దగ్గర వాళ్లమ్మ వాడికి విడమరచి చెప్పింది. వాడి కళ్లముందే కూరను మరిగించి చూపించింది కూడా.

కాసేపు ఆలోచించి, బిస్మిల్లాహ్ అని ఒక్క ముద్ద తీసుకున్నాడు. తరువాత మూకుడు తనవైపు జరుపుకుని, "అమ్మీ, ఆ అడుగుది నాకు గీకిపెట్టు" అన్నాడు.