ఎనిమిది డాలర్ల వాదన

అమెరికాలో జాతి వివక్ష ప్రస్తావన వస్తే సంభాషణ తరచూ ఒకే చోట తెగిపోతుంది. నల్లజాతి వ్యక్తి ‘ప్రివిలేజ్’ అంటారు. అంటే పుట్టుకతోనే, అడగకుండానే అందే వెసులుబాటు. అది విన్న శ్వేతజాతి సహోద్యోగి “అంటే నేను కష్టపడి పైకి రాలేదంటారా?” అని నొచ్చుకుంటాడు. పక్కనున్న భారతీయుడు, చాలాసార్లు మన తెలుగువాడే, “మా నాన్న ఎనిమిది డాలర్లతో ఈ దేశంలో దిగాడు, మాకెవరు సాయం చేశారు?” అంటాడు. ముగ్గురి మాటా నిజమే. కానీ మొదటివారు దేశం పెట్టిన నియమాల గురించి మాట్లాడుతున్నారు. మిగిలిన ఇద్దరూ తమ కష్టం గురించి మాట్లాడుతున్నారు.

ఆ నియమాలేమిటో ఇంటి అప్పుతో మొదలుపెడితే సులువుగా అర్థమవుతుంది. మహామాంద్యం రోజుల్లో, 1933లో, అమెరికా ప్రభుత్వం ‘హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్’ను స్థాపించింది. ఆ సంస్థ 200కు పైగా నగరాల పటాలు తయారుచేసి, అప్పు ఇవ్వడంలో ఉండే ప్రమాదాన్ని బట్టి పేటలకు నాలుగు రంగులు వేసింది. అత్యంత ప్రమాదకరమైన వాటికి ఎరుపు. నల్లజాతివారు నివసించే పేటలకు దాదాపు ఎప్పుడూ ఆ రంగే పడింది. 1934లో వచ్చిన ‘ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్’ బ్యాంకులిచ్చే ఇంటి అప్పులకు బీమా కల్పించింది. జాతులు కలిసి నివసించడాన్నే నష్టభయంగా లెక్కగట్టమని దాని మార్గదర్శకాలు అధికారులకు చెప్పాయి. బీమా లేని చోట చౌక వడ్డీకి దీర్ఘకాలిక అప్పు పుట్టదు.

యుద్ధం ముగిశాక దీని ఫలితం మరింత పెరిగింది. రెండో ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు 1944 నాటి చట్టం చదువుకూ ఇంటికీ ఆసరా ఇచ్చింది. న్యూయార్క్ దగ్గర 1947లో మొదలైన లెవిట్‌టౌన్‌లో 8 వేల డాలర్ల లోపే కొత్త ఇల్లు దొరికేది. అయితే శ్వేతజాతీయులు కానివారు అక్కడ నివసించరాదని ఒప్పంద పత్రాల్లోనే రాశారు. ఒకే యుద్ధంలో పోరాడిన ఇద్దరిలో ఒకరు ఇల్లు కొన్నారు. రెండోవారు అద్దె కడుతూ ఉండిపోయారు. ఇళ్ల అమ్మకంలో, అద్దెలో వివక్షను నిషేధించిన చట్టం రావడానికి 1968 దాకా పట్టింది.

కొన్న ఇంటి విలువ ఏటేటా పెరిగింది. దాన్ని తాకట్టు పెట్టి పిల్లల్ని కాలేజీకి పంపారు. తర్వాత అది వారసులకు దక్కింది. పైగా అమెరికాలో ప్రభుత్వ బడులకు వచ్చే డబ్బులో పెద్ద భాగం స్థానిక ఆస్తి పన్ను నుంచే వస్తుంది కాబట్టి, ఇల్లు ఉన్న పేటే బడి స్థాయినీ చాలావరకు తేల్చింది. ఫెడరల్ రిజర్వ్ 2022 సర్వే ప్రకారం, ఆస్తి వరుసలో సరిగ్గా మధ్యన నిలిచే శ్వేతజాతి కుటుంబం ఆస్తి 2,85,000 డాలర్లు. అదే స్థానంలోని నల్లజాతి కుటుంబం ఆస్తి 44,900 డాలర్లు. ఈ తేడా అంతా ఇళ్ల వల్లే వచ్చిందని చెప్పడం సరికాదు. ఇళ్లను పక్కనబెట్టి మాత్రం దీన్ని వివరించలేం.

కాబట్టి ఆ శ్వేతజాతి సహోద్యోగి కష్టాన్ని ఎవరూ కాదనడం లేదు. ఆయన తాతకు దొరికిన అప్పు, అంతే కష్టపడిన మరొక తాతకు దొరకలేదన్నదే అసలు విషయం.

ఈ చిక్కు మనకు కొత్త కాదు. “మాకు కులం పట్టింపు లేదండీ” అనే మాట మన ఊళ్లలో ఎవరి నోట వినిపిస్తుందో గమనించండి. కులం పేరు చెప్పగానే అద్దె ఇల్లు చేజారిపోయినవారు ఆ మాట అనరు.

ఇక ఎనిమిది డాలర్ల సంగతి. అప్పట్లో భారత్‌లో విదేశీ మారకద్రవ్యంపై ఆంక్షలుండేవి కనుక, ఆ తరం దాదాపు ఖాళీ జేబుతో విమానమెక్కిన మాట వాస్తవం. అయితే అంతకు ముందు తరానికి ఏం జరిగిందో కూడా చూడాలి. 1790 నాటి చట్టం వలస వచ్చినవారు పౌరసత్వం పొందే హక్కును ‘స్వేచ్ఛగల శ్వేతజాతీయుల’కే పరిమితం చేసింది. అంతర్యుద్ధం తర్వాత, 1870లో, ఆఫ్రికా సంతతివారిని చేర్చారు గానీ ఆసియావారిని చేర్చలేదు. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన పంజాబీ సిక్కు భగత్ సింగ్ థింద్, తాను ఉన్నత కులానికి చెందిన ఆర్యుణ్ణి కనుక శ్వేతజాతీయుణ్ణేనని సుప్రీంకోర్టులో వాదించారు. ఉన్నత కులాల హిందువు ఆదిమవాసులను చూసే చూపూ, అమెరికన్లు నల్లజాతివారిని చూసే చూపూ ఒకటేనని ఆయన పక్షాన దాఖలైన పత్రంలో రాశారు. మన వలస చరిత్రలో నన్ను ఎక్కువగా బాధించే వాక్యం అదే. తలుపు బయట నిలబడినవాడు ఆ తలుపు తప్పని చెప్పలేదు, తాను లోపలివాడినేనని చెప్పుకున్నాడు. 1923లో కోర్టు దాన్ని తోసిపుచ్చింది. సామాన్యుడి దృష్టిలో ఆయన శ్వేతజాతీయుడు కాదని తేల్చింది.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు దాదాపు అదే కాలంలో బోస్టన్‌లో అడుగుపెట్టారు. కణాల్లో శక్తిని మోసే ఏటీపీపై, ఫోలిక్ ఆమ్లంపై, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్‌పై జరిగిన పరిశోధనల్లో ఆయన పాత్ర మన పాఠకులకు తెలిసినదే. అంతటి మనిషికీ 1946లో చట్టం మారేదాకా అమెరికా పౌరుడయ్యే అర్హత లేదు. 1948లో పౌరసత్వం లేకుండానే కన్నుమూశారు. ప్రతిభకు, కష్టానికి తలుపులు వాటంతటవే తెరుచుకునేవైతే ఆయనకు తెరుచుకుని ఉండేవి.

1946లో మారిన చట్టం కూడా భారతీయులకు ఏటా 100 మంది కోటానే ఇచ్చింది. అసలు మార్పు 1965లో వచ్చింది. పుట్టిన దేశాన్ని బట్టి కోటాలు పంచే పద్ధతి రద్దయి, నైపుణ్యానికీ కుటుంబ బంధాలకూ ప్రాధాన్యం వచ్చింది. అంతకు ముందు ఏడాది పౌరహక్కుల చట్టం, అదే ఏడాది ఓటుహక్కు చట్టం వచ్చాయి. చట్టంలో జాతి వివక్ష ఉండరాదని దెబ్బలు తిని, జైళ్లకెళ్లి దేశాన్ని ఒప్పించినవారు ప్రధానంగా నల్లజాతివారే. ఆ వేడిలోనే వలస చట్టమూ మారింది. మనవాళ్ల జేబులో ఉన్నది ఎనిమిది డాలర్లే కావచ్చు. చేతిలో మాత్రం డిగ్రీ ఉంది, ఆ డిగ్రీని చూసి రమ్మన్న చట్టం ఉంది. చదువుకున్నవారిని ఏరి రప్పించిన గుంపును, తరాలపాటు అప్పు కూడా పుట్టని గుంపు పక్కన నిలబెట్టి “వీళ్లకు సాధ్యమైంది మీకెందుకు కాలేదు?” అని అడగడం అన్యాయం. ఆ పోలికకు మనం సాక్ష్యంగా నిలబడటం ఇంకా అన్యాయం.

మాట తెగకుండా సాగాలంటే ప్రశ్న మార్చాలి. “నేను వివక్ష చూపే మనిషినా?” అని అడిగితే ఎదుటివారు మన గుణం మీద తీర్పు చెప్పాల్సి వస్తుంది. “మీ తాతగారు ఇల్లు కొనగలిగారా? ఏ ఊళ్లో?” అని అడిగితే జవాబులో ఒక వీధి, ఒక సంవత్సరం, ఒక బ్యాంకు ఉంటాయి. ఆ ప్రశ్నకు ముందు మనం చదువుకుని వెళ్లగలిగింది కూడా కొంత ఉంది. ఇంటి అప్పుల కోసం పేటలకు రంగులు వేసిన నాటి పటాలను రిచ్‌మండ్ విశ్వవిద్యాలయం ఆన్‌లైన్‌లో అందరికీ అందుబాటులో ఉంచింది. అట్లాంటా, షికాగో, డెట్రాయిట్ వంటి నగరాల్లో ఏ పేటకు ఏ రంగు వేశారో, ఎందుకు వేశారో అధికారులు నింపిన ఫారాలతో సహా కనిపిస్తుంది. ఆ ఫారంలో నల్లజాతివారి శాతం నింపడానికి ప్రత్యేకంగా ఒక గడి ఉంది.