ప్రదర్శనమునకు ఏ ప్రయోగమును ఎన్నుకొనవలెను?

విజ్ఞాన ప్రదర్శనము సమీపించినప్పుడెల్ల, భౌతికశాస్త్రములో ఏ ప్రయోగము చేసిన బాగుండునని విద్యార్థులు మమ్ము అడుగుచుందురు. పెక్కండ్రకు గంట మ్రోగునదియో, దీపము వెలుగునదియో కావలెను. చూచువారు మెచ్చుకొనుటయే ప్రయోజనమైనచో అది చాలును. కాని ప్రయోగమనగా ప్రకృతిని ఒక ప్రశ్న యడిగి, అది చెప్పిన యుత్తరమును వినుట. కావున ఎన్నుకొనుటకు ముందు మూడు సంగతులు విచారింపవలెను. దానిలో కొలువదగినది ఉన్నదా? ఒక్క విషయమును మాత్రమే మార్చి తక్కినవానిని మార్పకుండ నుంచుటకు వీలున్నదా? మన యూహ తప్పైనచో ఆ తప్పు బయటపడునా?

ఈ మూడు గుణములును లోలకమునకు గలవు. కావలసినవి దారము, చిన్న లోహపు గుండు, కొలబద్ద, సెకనులు చూపు గడియారము మాత్రమే. వ్రేలాడదీసిన చోటునుండి గుండు నడిమివరకు 25 సెంటీమీటర్లుండునట్లు కట్టి, కొంచెము ప్రక్కకు లాగి విడువుడు. పోయి వచ్చుటను ఒక డోలనముగా నెంచినచో, 20 డోలనములకు ఇంచుమించు 20 సెకనులు పట్టును. పొడవు 100 సెంటీమీటర్లు చేసినచో సుమారు 40 సెకనులు పట్టును. పొడవు నాలుగింతలైనను కాలము రెండింతలే! అదే పరిమాణముగల మరింత బరువైన గుండును కట్టి చూడుడు, కాలము మారదు.

ఒకప్పుడు మా విద్యార్థి యొకనికి 100 సెంటీమీటర్ల లోలకముతో 42 సెకనులకు పైగా వచ్చెను. పుస్తకములోని లెక్కకు సరిపడలేదని కలతపడి, ఆ యంకెను చెరిపి 40 అని వ్రాసెను. మేము మందలింపక, మా యెదుట మరల చేయించితిమి. అతడు గుండును దాదాపు 60 డిగ్రీలవరకు లాగి విడుచుచుండెను. ఊపు మిక్కిలి పెద్దదైనచో కాలము హెచ్చును. ఊపు ఎంతదైనను కాలమొక్కటే యని గెలీలియో తలంచెను. 1656లో లోలకపు గడియారమును కల్పించిన హైగెన్సు, అది పూర్తిగా నిజము కాదని గ్రహించి, 1673లో ప్రకటించిన గ్రంథమున ఆ విషయమును వివరించెను. మా బాలుడు చెరిపివేసిన యంకె అంతటి విద్వాంసుని శ్రమకు తగిన సత్యము. దాని స్థానమున వ్రాసినది అసత్యము.

తలిదండ్రులకు మా మనవి యొక్కటే. ప్రదర్శనమునాడు మీ బిడ్డను బహుమానము వచ్చెనా యని యడుగుటకు ముందు, ఏమి కొలిచితివని యడుగుడు. విద్యార్థులారా, వచ్చిన యంకెను వచ్చినట్లే వ్రాయుడు. చిన్న లెక్కలో సత్యమునకు నిలుచువాడు పెద్ద విషయములలోను దేవుని యెదుట తలయెత్తి నిలువగలడు.